పెరటి మట్టిలో కలిసిన ఆస్బెస్టాస్ రేకు ముక్కలను జాగ్రత్తగా తీసేయడం ఎలా?

పాత రేకుల షెడ్డు విప్పడానికి మన ఊళ్ళల్లో ఒకటే పద్ధతి. ఇద్దరు కూలీలు పైకెక్కుతారు. తుప్పుపట్టిన బోల్టులు ఊడిరాకపోతే సుత్తితో రేకునే పగలగొడతారు. బాగున్న రేకుల్ని ఎవరో పశువుల పాకకి పట్టుకెళ్తారు. మిగిలిన ముక్కల్ని పారతో ఓ మూలకి నెట్టి, పైన నాలుగు తట్టల మట్టి పోసి చేతులు దులుపుకుంటారు. కొన్నేళ్ళ తర్వాత అదే మూలలో కరివేపాకు మొక్క పెడదామని గునపం దించితే టక్కుమని తగులుతుంది. మా పెరట్లో అచ్చం ఇలాగే జరిగింది. పాత వంటపాక రేకులు ఎక్కడికి పోయాయని ఎవరం అడగలేదు. అవి ఎక్కడికీ పోలేదు, మట్టిలోనే ఉన్నాయి.

కోతుల గుంపు దూకి పగలగొట్టిన రేకులైనా, 2014 అక్టోబరులో విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ లాంటి తుఫానుకి ఎగిరిపడిన రేకులైనా చివరికి చేరేది మట్టిలోకే. వాటిని ఎలా తీయాలో, ఎప్పుడు తీయకుండా వదిలేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముక్కతో కాదు, దుమ్ముతో పేచీ

ఆస్బెస్టాస్ అంటే పీచులా విడిపోయే ఒక రకం ఖనిజం. మన సిమెంటు రేకుల్లో ఉండేది ఎక్కువగా తెల్ల రకం, క్రైసోటైల్. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల దగ్గర దీన్ని గనుల్లోంచి తవ్వేవారు. ఇప్పుడు దేశంలో తవ్వకం ఆగిపోయింది కానీ, దిగుమతి చేసుకున్న పీచుతో రేకుల తయారీ నడుస్తూనే ఉంది. రేకు బరువులో పీచు సుమారు పదో వంతు. మిగతాది దాదాపు సిమెంటే. ఆ సిమెంటు పట్టు ఉన్నంతకాలం పీచు బయటికి రాదు.

అందుకే నేలమీద పడున్న గట్టి ముక్క దానంతట అది పెద్ద ప్రమాదం కాదు. దాన్ని తొక్కినా, నూరినా, కోసినా, ఎండిన మట్టిలో దొర్లించినా కంటికి కనబడని పోగులు గాల్లోకి లేస్తాయి. ఊపిరితో లోపలికెళ్ళిన పోగుల్లో చాలా భాగం అక్కడే తిష్ఠ వేస్తాయి. ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం తెచ్చే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ వీటివల్ల వచ్చేవే. క్యాన్సర్లు బయటపడటానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళు కూడా పట్టొచ్చు. తెల్ల రకంతో సహా అన్ని రకాల ఆస్బెస్టాస్‌నీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో పెట్టింది.

కాబట్టి కింద చెప్పే పనులన్నింటికీ సూత్రం ఒకటే: పగలనివ్వకూడదు, ఎండనివ్వకూడదు, ఒంటికి అంటించుకుని ఇంట్లోకి తేకూడదు. మధ్యలో ఏదైనా అనుమానం వస్తే ఈ మూడింటినీ తలచుకోండి, జవాబు దొరుకుతుంది.

ముందు చూడండి, ముట్టుకోకండి

ముక్క ఆస్బెస్టాస్ రేకుదేనా? బూడిద రంగు, సుమారు ఆరు మిల్లీమీటర్ల మందం, అలలాంటి వంపు ఉంటే దాదాపు అదే. విరిగిన అంచున సన్నటి వెంట్రుకల్లాంటి పోగులు కనబడొచ్చు. అవి కనబడతాయేమోనని ముక్కని విరిచి చూడకండి, ఆ ముచ్చటే వద్దు. రేకులే కాదు, పాత సిమెంటు నీళ్ళ పైపులు, మరుగుదొడ్డి గాలి గొట్టాలు, వంటింటి పొగ గొట్టాలు కూడా ఇదే సరుకుతో చేసినవి కావచ్చు.

ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులు కూడా ఈమధ్య దొరుకుతున్నాయి. చూసి తేడా చెప్పడం కష్టం. తేల్చాలంటే ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ని అడిగి, తడిపిన చిన్న ముక్కని రెండు జిప్ కవర్లలో పెట్టి పంపొచ్చు. పాత షెడ్డు ముక్కలైతే నా సలహా, ఆ ఖర్చు మాస్కుల మీద పెట్టండి, ముక్కని ఆస్బెస్టాస్ కిందే లెక్కేసుకోండి.

ఇక, ఎక్కడ ఆగిపోవాలో కూడా ముందే చెప్పాలి. వేళ్ళతో నలిపితే పొడి అయ్యేది ఏదైనా, అంటే బాయిలర్ చుట్టిన దూదిలాంటి పూత, ఆస్బెస్టాస్ తాడు, కాలిపోయిన షెడ్డు శిథిలాలు, ఫ్యాక్టరీ వ్యర్థాలతో పూడ్చిన నేల కనిపిస్తే మీరు చేయొద్దు. జేసీబీ తొక్కి పిండి చేసిన రేకులకీ ఇదే మాట. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో లైసెన్సు లేనివాళ్ళు గట్టిగా ఉన్న రేకునైనా పది చదరపు మీటర్లకి మించి తీయకూడదు. మనకి అలాంటి గీత ఇంటివాళ్ళకంటూ ఎవరూ గీసి పెట్టలేదు కాబట్టి, ఆ పది చదరపు మీటర్ల లెక్కనే గుర్తు పెట్టుకోండి. అంతకు మించితే పారిశ్రామిక వ్యర్థాల పని తెలిసిన సంస్థని పిలవాల్సిందే.

హద్దు గీయడం

ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. షెడ్డు ఎక్కడుండేది, చూరు ఎటువైపు, విప్పినప్పుడు ముక్కలు ఎక్కడ పోశారు? మా అమ్మ వేలు పెట్టి చూపించిన చోటే మాకు ముక్కల్లో మూడొంతులు దొరికాయి. చూరు కింద, వాననీళ్ళు పారే దారిలో కూడా చూడాలి. పాతబడిన రేకు పైపొర వానకి అరిగి, పోగులు అక్కడి మట్టిలో చేరతాయి.

ముక్కలు కనబడిన చోటు నుంచి చుట్టూ ఓ రెండు మీటర్లు ఎక్కువ తీసుకుని నాలుగు మేకులు దిగగొట్టి తాడు కట్టండి. లోపల మీటరుకో గడి వచ్చేలా దారాలు లాగండి. ఎక్కడ వెతికాం, ఎక్కడ వెతకలేదు అన్న గందరగోళం ఉండదు. ఆ రోజు నుంచి పిల్లలు, కుక్కలు ఆ తాడు దాటకూడదు. కోళ్ళున్న ఇల్లయితే వాటిని గంప కిందే ఉంచండి. మట్టి గీరి దుమ్ము రేపడంలో కోడిని మించింది లేదు.

సరంజామా

మాస్కు దగ్గర బేరం వద్దు. తువ్వాలు, సర్జికల్ మాస్కు ఈ పోగుల్ని ఆపవు. కోవిడ్ నాటి ఎన్‌95 కూడా ఆస్బెస్టాస్ పనికి సరిపోదు. పీ100 లేదా పీ3 ఫిల్టర్లు బిగించే రబ్బరు హాఫ్ మాస్కు కొనండి. అది దొరక్కపోతే ఎఫ్‌ఎఫ్‌పీ3 అని ముద్ర ఉన్న మాస్కు. గడ్డం ఉంటే గీయించాలి, రెండ్రోజుల గడ్డమైనా సరే. మాస్కు అంచు చర్మానికి ఆనకపోతే గాలి పక్కనుంచి దూరుతుంది. పెట్టుకున్నాక ఫిల్టర్లని అరచేతులతో మూసి లోపలికి ఊపిరి పీలిస్తే మాస్కు ముఖానికి అతుక్కోవాలి.

ఒంటికి తలతో సహా కప్పే, వాడి పారేసే కవరాల్ కావాలి. టైప్ 5 అని రాసి ఉన్నది తీసుకోండి. జేబులున్న బట్టలు, మడతల ప్యాంట్లు వద్దు. కాళ్ళకి కడగడానికి వీలైన రబ్బరు బూట్లు వేసుకుని, కవరాల్ అంచు బూటు పైనుంచి దించాలి. రబ్బరు గ్లవ్స్ వేసుకున్నాక మణికట్టు దగ్గర టేపు చుట్టండి.

ఇవి కాక 200 మైక్రాన్ల మందం ఉన్న పాలిథీన్ సంచులు, అదే మందం షీటు ఒకటి, వెడల్పు టేపు, సన్నటి పళ్ళ రేక్ (తోటలో గడ్డీ ఆకులూ లాగే పళ్ళ పనిముట్టు), చిన్న తాపీ, రెండు బకెట్లు, పాత గుడ్డలు. నీళ్ళు చల్లడానికి పొలంలో మందు కొట్టే చేతి స్ప్రేయర్ భేషుగ్గా ఉంటుంది కానీ, పురుగుమందు వాసన పోయేదాకా కడగండి. లేదా మొక్కలకి జల్లులా పోసే డబ్బా చాలు. ప్రెషర్ వాషర్ మాత్రం ముట్టుకోవద్దు, అది పోగుల్ని చిమ్మి నాలుగు ఇళ్ళకి పంచుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ కూడా అంతే. దాని ఫిల్టరు పోగుల్ని ఆపదు.

రోజు, వేళ

ఎండాకాలం వద్దు. మట్టి ఎండి పిండిలా ఉంటుంది, పైగా కవరాల్ లోపల మనిషి ఉడికిపోతాడు. నాలుగు వానలు పడి నేల లోపలిదాకా తడిసి, బురద తగ్గిన రోజు చూసుకోండి. గాలి లేని పొద్దున్నే, ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య. ఇద్దరు చాలు: ఒకరు లోపల ఏరాలి, ఒకరు తాడు బయట నిలబడి నీళ్ళు, సంచులు అందించాలి. బయటి మనిషికీ మాస్కు ఉండాలి. పక్కింటివాళ్ళకి ముందురోజే చెప్పి కిటికీలు మూయమనండి, బట్టలు ఆరేయొద్దనండి. ఈ వేషంలో మనల్ని హఠాత్తుగా చూస్తే వాళ్ళకి అనవసరమైన టెన్షన్.

లోపల ఉన్నంతసేపు నీళ్ళు తాగకూడదు, బీడీ సిగరెట్లు అసలే కూడదు. పొగతాగే అలవాటు, ఆస్బెస్టాస్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఒక్కోదాని కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాహానికి ఆగలేరు కాబట్టి అరగంట, ముప్పావుగంట పని చేసి, పద్ధతి ప్రకారం శుభ్రపడి బయటికి రండి. రెండ్రోజులు పట్టినా ఫర్వాలేదు.

తడపడం

మన ఆడవాళ్ళు వాకిలి ఊడ్చే ముందు కళ్ళాపి ఎందుకు చల్లుతారో అందరికీ తెలుసు. ఇక్కడా అదే తెలివి, కాకపోతే ఇంకాస్త ఎక్కువ నీళ్ళు. బకెట్ నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు కలపండి. సబ్బు కలిసిన నీరు పోగుల్లోకి, మట్టిలోకి బాగా ఇంకుతుంది. పనికి ముందు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి సన్నటి జల్లుగా చల్లాలి. వేళ్ళతో నొక్కితే మట్టి ముద్దవ్వాలి, నీళ్ళు మాత్రం పారకూడదు. పారితే పోగుల్ని కాలవలోకి మోసుకుపోతాయి. ఆరుతున్నట్టు కనిపించగానే మళ్ళీ చల్లండి. తాడు బయట ఉన్న మనిషికి అసలు పని అదే.

ఏరడం

మొదట పైకి కనబడే ముక్కలు. ఒక్కో గడిలో మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో ఒక్కో ముక్కా ఎత్తి నేరుగా సంచిలో దించాలి, విసరకూడదు. మట్టిలో ఇరుక్కున్నదాన్ని లాగితే విరుగుతుంది. చుట్టూ తాపీతో వదులు చేసి నీళ్ళు పోసి తీయండి. పెద్ద ముక్క సంచిలో పట్టలేదని విరగ్గొట్టొద్దు. దాన్ని షీటులో చుట్టి టేపు వేయండి.

తర్వాత పళ్ళ రేక్‌తో మట్టిని మెల్లగా లాగాలి. ఆస్ట్రేలియా పద్ధతిలో రేక్ పళ్ళ మధ్య సందు ఏడు మిల్లీమీటర్లకి మించకూడదు. ఒకసారి తూర్పు పడమరలుగా, రెండోసారి ఉత్తర దక్షిణాలుగా లాగుతారు. ఒకే దిక్కున రెండుసార్లు లాగితే నిలువుగా నిలబడ్డ ముక్క పళ్ళ సందులోంచి రెండుసార్లూ తప్పించుకుంటుంది. అడ్డంగా తిరిగేసరికి దొరికిపోతుంది. మాకు అడ్డంగా లాగినప్పుడు దొరికినవే ఎక్కువ. లోతు పది సెంటీమీటర్లు చాలు. దానికింద కూడా ముక్కలు తగులుతూనే ఉంటే అది చిందిపడ్డ చెత్త కాదు, పూడ్చిపెట్టిన గొయ్యి. దాని సంగతి కిందకి వస్తే చెప్తాను.

ఇక్కడ అందరికీ వచ్చే ఆలోచన ఇసుక జల్లెడ. మేస్త్రీని పిలిచి మట్టంతా జల్లిస్తే ఒక్కపూటలో అయిపోతుంది కదా? ఎండిన మట్టిని జల్లించడమంటే ఒక్కపూటలో ఉన్న పోగులన్నీ గాల్లోకి ఎగరేయడమే. ఈ మొత్తం వ్యవహారంలో అంతకంటే తప్పు పని లేదు. జల్లెడ పట్టాల్సి వచ్చినా, బాగా తడిసిన మట్టిని గుప్పెడు గుప్పెడుగా, నేలకి ఆనించి మాత్రమే.

సంచిని సగానికే నింపండి. తడిమట్టి అంటిన ముక్కలు బరువు, సంచి చిరిగితే మళ్ళీ మొదటికి వస్తుంది. లోపలి గాలిని నొక్కి బయటికి పంపకండి. మూతిని మెలితిప్పి, మడిచి, టేపు చుట్టి, పైభాగాన్ని తడిగుడ్డతో తుడిచి, తాడు దగ్గర రెండో సంచిలో పెట్టి మళ్ళీ టేపు వేయండి. పైన పెద్ద అక్షరాలతో "ఆస్బెస్టాస్ – విప్పకండి" అని రాయండి. ఎవరో ఒకరు సంచి బాగుందని విప్పుతారు, మన సంగతి మనకి తెలియనిదా.

మట్టిని ఎత్తేయాలా, కప్పేయాలా?

ఏరాక కూడా సన్నటి నలుసులు మిగిలాయనిపిస్తే చాలామంది మట్టి మొత్తం తీసేద్దామంటారు. ఒక్క లెక్క వేసుకోండి. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉన్న చోట పది సెంటీమీటర్లు గీకితే 1.2 ఘనపు మీటర్లు, బరువు రెండు టన్నుల దాకా. అంత మట్టిని సంచుల్లో కట్టి మోసేటప్పుడు రేగే దుమ్ము, అది అక్కడే ఉంటే రేగేదానికంటే ఎక్కువ కావచ్చు. కాబట్టి ముక్కలు బాగా నలిగిపోయిన రెండు మూడు గడుల్లో మాత్రమే మట్టి గీకి తీయండి.

2013లో సవరించిన ఆస్ట్రేలియా ప్రమాణాల్లో ఒక విషయం నాకు నచ్చింది. ఇళ్ళ స్థలాల్లో గట్టి ముక్కల రూపంలో ఉన్న ఆస్బెస్టాస్ మట్టి బరువులో 0.01 శాతం దాటకూడదు. విడి పోగులు, నలిగిపోయే సరుకు అయితే 0.001 శాతం. అంటే టన్ను మట్టికి వంద గ్రాములు ఒకచోట, పది గ్రాములే మరోచోట. గట్టిగా ఉన్నదానికీ పొడైనదానికీ పది రెట్ల తేడా పెట్టారు. పై పది సెంటీమీటర్లలో అయితే కంటికి ఒక్క ముక్క కూడా కనబడకూడదన్నది వాళ్ళ నియమం. ఇంట్లో మనం కొలవలేం కానీ, ఈ ఆఖరి నియమాన్ని మాత్రం ఎవరైనా పాటించొచ్చు.

పూడ్చిన గొయ్యి బయటపడితే తవ్వకండి, కప్పండి. దానిమీద నీళ్ళు చల్లి, రోడ్ల పనుల్లో వాడే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచాలి. కొట్టొచ్చినట్టు కనబడే రంగుదైతే మరీ మంచిది, రేపు ఎవరైనా తవ్వితే ఆగుతారు. దానిమీద అర మీటరు మందాన శుభ్రమైన మట్టి వేసి గడ్డి పెంచండి. అక్కడ చెట్లు నాటడం, బోరు వేయడం, పునాది తీయడం కుదరదు. కొలతలతో బొమ్మ గీసి, రెండు ఫోటోలు తీసి, ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి చెప్పడం మర్యాద.

బయటికి వచ్చే క్రమం

అలిసిపోయి మాస్కు ముందు లాగేస్తాం. అదే పొరపాటు. తాడు లోపలే నిలబడి బూట్లు, గ్లవ్స్ కడగండి. పనిముట్లని తడిగుడ్డతో తుడవండి. ఆ నీళ్ళు అక్కడి మట్టిలోనే ఇంకాలి, కాలవలోకి పోకూడదు. కవరాల్ మీద జల్లు కొట్టించుకుని, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ విప్పి సంచిలో వేయండి. గ్లవ్స్, తుడిచిన గుడ్డలు కూడా దాంట్లోకే. మాస్కు అన్నిటికంటే ఆఖరున. వాడి పారేసేదైతే సంచిలోకి, రబ్బరుదైతే బయట తుడిచి తీయాలి. నేరుగా స్నానానికి, తల మీదనుంచి. లోపల వేసుకున్న బట్టల్ని ఇంటిల్లిపాది బట్టలతో కలపొద్దు, దులపొద్దు. పాత బట్టలు వేసుకుని, అవి కూడా సంచిలో వేసేయడం ఇంకా తేలిక.

సంచులు ఎక్కడికి?

నిజం చెప్పాలంటే అన్నిటికంటే తలనొప్పి ఇక్కడే. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో పారేసిన ఆస్బెస్టాస్ ఉంది. అలాంటి వ్యర్థాల్ని పూడ్చే ప్రత్యేక కేంద్రాలు హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి. కానీ అవి ఫ్యాక్టరీల కోసం పెట్టినవి, మన ఇంటి ఆరు సంచుల కోసం లారీ రాదు. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఎన్ని సంచులు, ఎంత బరువు అన్నది రాతపూర్వకంగా ఇచ్చి ఎక్కడికి పంపాలో అడగండి. ఊళ్ళో ఇంకో నలుగురి దగ్గర ఇదే సరుకుంటే కలిసి అడగండి, బరువు పెరిగితే మాటకి విలువ పెరుగుతుంది. జవాబు వచ్చేదాకా సంచుల్ని ఎండ తగలని చోట, ఎలకలు కొరకని డ్రమ్ములో మూతపెట్టి ఉంచొచ్చు. ఎండకి పాలిథీన్ పెళుసెక్కుతుంది.

మున్సిపాలిటీ చెత్తబండిలో వేయొద్దు, అక్కడ చేతులతో చెత్త ఏరేవాళ్ళుంటారు. భవన శిథిలాల కేంద్రానికీ పంపొద్దు, అక్కడ అన్నింటినీ మరలో వేసి పిండి చేస్తారు. చెరువు గట్టు మీద, గుంతల రోడ్డులో పోయడం గురించి చెప్పక్కర్లేదు. మంటలో వేస్తే ఆస్బెస్టాస్ కాలదు. పైగా రేకు టపటపా పేలి ముక్కలు చిమ్ముతుంది.

ఆ తర్వాత

మొదటి పెద్దవాన పడ్డాక మళ్ళీ వెళ్ళి చూడండి. వాన మట్టిని కడిగి, మీరు వదిలేసినవాటిని పైకి తెచ్చి పెడుతుంది. మేము మూడు వానల తర్వాత కూడా అరచేయంత ముక్క ఒకటి తీశాం. ఇలా కనబడినవాటిని తడిపి, మాస్కు పెట్టుకుని, సంచిలో వేస్తే చాలు, మళ్ళీ ఇంత హంగామా అక్కర్లేదు.

పెరట్లో కూరగాయల మాటేమిటని మా పిన్ని అడిగింది. మొక్కలు వేళ్ళతో పోగుల్ని పీల్చుకోవు. కాయలకి, దుంపలకి అంటిన మట్టిని బాగా కడిగితే సరిపోతుంది. కాకపోతే ఆ చోట పదేపదే తవ్వే దుంపలు, ఆకుకూరలు కాకుండా తవ్వకం అక్కర్లేని అరటో, మందారమో పెట్టుకుంటే మట్టి కదలదు.

గతంలో మాస్కు లేకుండా ఓసారి ఆ ముక్కలు ఎత్తిపోశామే అని భయపడేవాళ్ళు చాలామంది ఉంటారు. జబ్బుపడ్డవాళ్ళలో ఎక్కువమంది ఏళ్ళ తరబడి ఆ దుమ్ములో పనిచేసినవాళ్ళు. ఒకపూట పనికి ముప్పు చాలా తక్కువ. దానికోసం ఇప్పుడు ఎక్స్‌రే తీయించుకున్నా ఏమీ తెలియదు. డాక్టరు దగ్గరికి ఏ దగ్గుకి వెళ్ళినా మాత్రం ఈ సంగతి ఒకమాట చెప్పండి. ఊళ్ళో రేకుల పనిలోనే బతుకు గడిపిన కూలీలు ఎవరైనా తెలిస్తే, ఆయాసంగా ఉందంటే, ఛాతీ డాక్టరుకి చూపించమని చెప్పాల్సింది ముందు వాళ్ళకి.